గువామ్ కారానికి పక్షి ఎందుకు కావాలి

గువామ్‌లో ఏ ఊరి పండగ విందులోనైనా బల్ల మీద మూడు పదార్థాలు తప్పవు. జాఫ్రా రంగుతో ఎర్రబడ్డ అన్నం, కాల్చిన కోడిని నిమ్మరసంతో, కొబ్బరి కోరుతో కలిపిన కెలాగ్వెన్, సోయాసాస్‌లో ఉల్లి, మిరప తరిగి వేసిన ఫినాదెన్ని. బల్లను చూస్తే దీవి మూలవాసులైన చమోరుల వంట చెక్కుచెదరలేదనే అనిపిస్తుంది. అదే బల్ల మీది సరుకుల్లో ఆ దీవిలో పుట్టినవి ఎన్నో లెక్క తీస్తే మాత్రం కథ మారిపోతుంది. బియ్యం, కోడి, సోయాసాస్ ఓడల్లో వస్తాయి. కొబ్బరిచెట్టును ఒక పురుగు తొలుస్తోంది. అడవిలో తనంతట తాను మొలిచే మిరప మొక్క అరుదైపోతోంది. గబ్బిలం కూర బల్ల మీంచి పూర్తిగా వెళ్లిపోయింది. ఈ దీవిలో వంటపద్ధతులకు వచ్చిన ముప్పు తక్కువే. గింజను మోసుకెళ్లే జీవి, కాయను తినే జీవి మాయమవడం వల్లే వంటకు కావలసిన సరుకు కరిగిపోతోంది. అందుకని ఇక్కడి తిండి గురించి మాట్లాడాలంటే అడవిని వదిలి మాట్లాడటం కుదరదు.

గువామ్ పశ్చిమ పసిఫిక్‌లో మరియానా దీవుల వరుసకు దక్షిణపు కొన. వైశాల్యం సుమారు 540 చదరపు కిలోమీటర్లు, పొడవు 50 కిలోమీటర్ల లోపే. ఉత్తర భాగం సున్నపురాయి పీఠభూమి, అక్కడ వాగులుండవు, వాన నీరు నేరుగా రాతిలోకి ఇంకిపోతుంది. దక్షిణం అగ్నిపర్వతపు ఎర్రమట్టి, గడ్డి కొండలు, చిన్న వాగులు. చమోరులు ఇక్కడ అడుగుపెట్టి సుమారు 3,500 ఏళ్లు. మెగలాన్ ఓడలు 1521లో వచ్చాయి, స్పెయిన్ మతప్రచారకులు 1668లో స్థిరపడ్డారు, 1898లో దీవి అమెరికా చేతికి వెళ్లింది, 1941 డిసెంబరు నుంచి 1944 జులై వరకు జపాన్ సైన్యం ఆక్రమించింది. నేటికీ నాలుగో వంతుకు పైగా నేల అమెరికా సైన్యం చేతిలోనే ఉంది. ఈ తేదీల్లో ప్రతి ఒక్కటీ వంటలోనో అడవిలోనో ఒక ముద్ర వేసి పోయింది.

అన్నం ఇక్కడ పాతదే. యూరోపియన్లు రాకముందే వరి పండించిన పసిఫిక్ దీవులు మరియానాలే. ఉత్తరాన రితిడియన్ గుహలో దొరికిన కుండ పెంకుల మీద సుమారు 3,500 ఏళ్ల నాటి వరి ఆనవాళ్లు కనబడ్డాయి. ఆ రోజుల్లో వరి రోజువారీ తిండి కాదు, శుభాశుభ కార్యాలకు దాచుకునే ధాన్యం. పొట్ట నింపినవి సీమ పనస, చేమ, పెండలం. అన్నానికి ఎరుపు మాత్రం తర్వాత వచ్చింది. 1565 నుంచి 1815 దాకా మెక్సికోలోని అకపుల్కో నుంచి మనీలాకు నడిచిన స్పానిష్ ఓడలు దారిలో గువామ్ దగ్గర ఆగేవి. జాఫ్రా, మొక్కజొన్న, మిరప అన్నీ అలా దిగినవే.

హినెక్సా అగాగా అనే ఈ ఎర్రన్నం చేసే పద్ధతి తేలికే, రంగు పట్టించడంలోనే పనితనం. మూడు కప్పుల బియ్యానికి అర కప్పు జాఫ్రా గింజలు తీసుకుని, ఒక కప్పు గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టాలి. తర్వాత వేళ్లతో పిసికి, వడగట్టి, ఆ నీటిని అన్నం ఎసరులో భాగంగా లెక్కపెట్టాలి. రంగంతా గింజ పైపొర మీదే ఉంటుంది కాబట్టి పిసికితే చాలు, నలగ్గొడితే చేదు దిగుతుంది. ఈ రంగు నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే ముందు పంది కొవ్వులో లేదా నూనెలో ఉల్లి వేయించి, బియ్యం అందులో ఒక నిమిషం తిప్పి, ఆపైన రంగునీళ్లు పోస్తారు. ఈ మెట్టు దాటేస్తే అన్నం మచ్చలు మచ్చలుగా, పాలిపోయిన నారింజ రంగులో దిగుతుంది. వాడేది కొద్దిగా అతుక్కునే పొట్టి గింజ బియ్యం. సోనామసూరితో చేస్తే రుచి ఒకటే గానీ ముద్ద కట్టదు, విందు బల్ల మీద గంటసేపటికే పొడిపొడిగా ఎండిపోతుంది. జాఫ్రా ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ గ్రామాలకు కొత్త పంట కాదు, కాకపోతే అక్కడ పండే గింజ ఎక్కువగా రంగుల పరిశ్రమకు పోతుంది, పొయ్యి మీదికి రాదు.

కెలాగ్వెన్ మరింత చమోరు వంట. ఒకటిన్నర కిలో కోడిని బొగ్గుల మీద లోపలిదాకా కాల్చి, చల్లార్చి, ఎముక తీసి సన్నగా తరగాలి. ఐదారు నిమ్మకాయల రసం, ఒక కప్పు ఉల్లికాడల తరుగు, ఆరేడు చిన్న మిరపకాయలు, ఒకటిన్నర చెంచా ఉప్పు కలిపి, ఆఖర్న అర చిప్ప పచ్చికొబ్బరి కోరు వేయాలి. తప్పు సాధారణంగా ఇక్కడే జరుగుతుంది. మాంసం వేడిగా ఉండగానే కొబ్బరి కలిపితే రెండు గంటల్లో పులిసి జిగురు వాసన వస్తుంది. ఉష్ణమండలపు పగటి వేడిలో ఆరుబయట విందు పెట్టే చోట ఇది చిన్న విషయం కాదు. అందుకే తెలిసినవాళ్లు కొబ్బరిని విడిగా తెచ్చి, వడ్డించే ముందు కలుపుతారు. రొయ్య, చేప, గొడ్డు మాంసం కెలాగ్వెన్‌లకు పొయ్యి మంట అక్కర్లేదు, నిమ్మరసమే వాటిని తెల్లగా గట్టిపరుస్తుంది. పులుపు మాంసకృత్తుల రూపును మారుస్తుందే గానీ సూక్ష్మజీవులను, చేపలోని పురుగులను నమ్మకంగా చంపలేదు. పచ్చి చేపను ముందు మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులు గడ్డకట్టించి ఉంచితే పురుగుల భయం ఉండదు. చవక దారిలో నిమ్మకాయ బదులు నిమ్మ ఉప్పు వాడటం దీవి అంతటా మామూలైపోయింది. పులుపు వస్తుంది, వాసన రాదు.

కెలాగ్వెన్ తింటే వచ్చే ఘాటు దొన్ని సాలి అనే చిట్టి మిరపకాయది. వేలి గోరంత కాయ, నిటారుగా ఆకాశం వైపు చూస్తుంది, పండితే ఎర్రగా మెరుస్తుంది. శాస్త్రజ్ఞుల లెక్కలో కాప్సికమ్ ఫ్రూటెసెన్స్. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కే అయినా మరియానా అడవుల అంచుల్లో తనంతట తాను పెరగడం నేర్చుకుంది. అలా పెరగడానికి దానికి ఒక తోడు దొరికింది. సాలి అనే నల్లని, పసుపు కళ్ల పక్షి, మన గోరువంకల కుటుంబానిదే. మిరపలోని మంట క్షీరదాల నాలుకకే తెలుస్తుంది, పక్షికి తెలియదు. ఎలుకకు, పందికి దొరికిన గింజ పంటి కింద నలిగిపోతుంది. పక్షి కాయను మింగి, గింజను చెదరకుండా మరో చోట, తరచుగా వెలుతురు పడే ఖాళీ జాగాలో వదిలిపెడుతుంది.

ఇప్పుడు గువామ్ అడవిలో సాలి దాదాపు లేదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం గువామ్‌ను పక్షులు మిగిలి ఉన్న పొరుగు మరియానా దీవులతో పోల్చి చూసింది. వాతావరణం, మట్టి ఒకే తీరైనా అడవి మిరప గువామ్‌లో చాలా తక్కువగా కనబడింది. పెరట్లో నాటుకున్న మిరపకు ఢోకా లేదు కాబట్టి వంట ఆగిపోలేదు. అడవికి వెళ్లి ఊరికే కోసుకొచ్చుకునే హక్కు మాత్రం చడీచప్పుడు లేకుండా, సంతలో డబ్బిచ్చి కొనుక్కునే అవసరంగా మారింది.

పాము చేసిన పని

పక్షులు ఎందుకు పోయాయన్నది ఇప్పుడు చర్చించాల్సిన విషయం కాదు, 1980లలోనే తేలిపోయింది. బోయిగా ఇర్రెగ్యులారిస్ అనే గోధుమరంగు చెట్టుపాము రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, పాపువా న్యూగినీ వైపున్న మానుస్ దీవి నుంచి సైనిక సామగ్రిలో దాక్కుని వచ్చింది. మొదట పురుగుమందులనీ, జబ్బనీ అనుమానించారు. జూలీ సావిడ్జ్ అనే పరిశోధకురాలు పక్షులు మాయమైన వరుసనూ, పాము దక్షిణం నుంచి ఉత్తరానికి విస్తరించిన వరుసనూ పక్కపక్కన పెట్టి చూశారు. 1987లో వెలువడిన ఆమె పరిశోధన తర్వాత అనుమానాలకు తావు లేకుండా పోయింది. 12 రకాల స్థానిక అడవి పక్షుల్లో 10 గువామ్ నుంచి తుడిచిపెట్టుకుపోయాయి. సాలి, గుహల్లో గూడు కట్టే ఒక చిన్న పక్షి మాత్రం కొద్దిచోట్ల మిగిలాయి. చెట్టెక్కే పామును ఎన్నడూ ఎరగని పక్షులవి. దీవి సొంత పాము ఒక్కటే, మట్టిలో వానపాములా బతికే గుడ్డిపాము.

మామూలుగా ఆహారం తగ్గితే వేటగాడూ తగ్గాలి, మిగిలిన నాలుగు పక్షులకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరకాలి. గువామ్‌లో అలా జరగలేదు. పక్షులు అయిపోయాక కూడా బల్లులూ తొండ జాతులూ పామును పోషించాయి. వాటిలో బయటినుంచి వచ్చినవీ ఉన్నాయి, అవి ఎంత తిన్నా తరగవు. కాబట్టి పాము సంఖ్య తగ్గకుండానే చివరి పక్షి గూటి దాకా వెళ్లగలిగింది. పెరటి కోళ్ల గుడ్లు, పిల్లలు కూడా దాని పాలయ్యాయి. ఫ్రీజర్ కోడి కెలాగ్వెన్‌లోకి రావడానికి సూపర్‌మార్కెట్ ఎంత కారణమో, కోళ్లగూటి సందులోంచి దూరిన పాము కూడా కొంత కారణం. కరెంటు స్తంభాల మీదికి పాకి తీగలను కలిపేయడం వల్ల 1978, 1997 మధ్య 1,600కు పైగా సార్లు సరఫరా ఆగింది.

అడవిలో దీని పర్యవసానం ఇంకా విప్పుకుంటూనే ఉంది. పురుగులు తినే పిట్టలు లేక సాలీళ్లు విజృంభించాయి. 2012లో వెలువడిన లెక్కలో వానాకాలంలో పొరుగు దీవుల కంటే 40 రెట్ల దాకా ఎక్కువ సాలెగూళ్లు కనబడ్డాయి. 2017 నాటి మరో అధ్యయనం రెండు చెట్ల జాతులను చూసి, గింజను మోసే పక్షి లేకపోవడంతో కొత్త మొలకలు 61 నుంచి 92 శాతం తగ్గాయని అంచనా కట్టింది. ఆ రెంటిలో ఒకటి ప్రెమ్నా సెర్రాటిఫోలియా. ఆయుర్వేదం దశమూలాల్లో ఒకటిగా ఎంచే అగ్నిమంథం ఇదే. చమోరు నాటువైద్యులైన సురుహానాలు కూడా దీన్ని అడవి నుంచి తెచ్చుకుని మందుగా వాడతారు. వైద్యం తెలిసిన పెద్దమ్మ ఉన్నా, ఆకు దొరికే చోటు ఏటా ఇంకొంచెం దూరమవుతోంది.

విషం కడిగి తిన్న పిండి

గువామ్ తిండి చరిత్రలో అన్నిటికన్నా చిక్కైన అధ్యాయం ఫదంగ్. ఈతచెట్టులా కనబడే ప్రాచీన వృక్షం, సైకస్ మైక్రోనేసికా. తిరుపతి శేషాచలం కొండల్లో మాత్రమే పెరిగే పేరిత చెట్టుకు దాయాది. తుపాను అరటినీ సీమ పనసనూ పడగొట్టినప్పుడు, యుద్ధంలో బియ్యం దొరకనప్పుడు ఇది నిలబడేది. గింజ నిండా పిండి ఉంటుంది, పిండితో పాటే సైకాసిన్ అనే విషమూ ఉంటుంది. ఆ విషం పేగుల్లోని సూక్ష్మజీవుల చేతిలో పడి విడివడ్డాకే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుకే తిన్న వెంటనే కాక, గంటల తర్వాత వాంతులు మొదలవుతాయి.

సైకాసిన్ నీటిలో బాగా కరుగుతుంది, శుద్ధి మొత్తం ఈ ఒక్క గుణం మీదే ఆధారపడుతుంది. కాయ పైకండ వలిచి, పెంకు పగలగొట్టి, పప్పును పలచని బిళ్లలుగా తరుగుతారు. బిళ్ల మందంగా ఉంటే నడిమధ్య విషం అలాగే ఉండిపోతుంది. వాటిని నీళ్లలో ముంచి, రోజూ నీరు మార్చుతూ, కనీసం వారం, చాలా ఇళ్లలో అంతకు మించి నానబెడతారు. మొదటి రోజుల నీళ్లు కోళ్లకూ పశువులకూ ప్రమాదం, వాటికి అందని చోట పారబోయాలి. తర్వాత గట్టి ఎండలో పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టి, విసిరి పిండి చేసి, రొట్టెలాంటి తితియాస్‌కు, జావకు వాడేవారు. ఇందులో దొంగదారి లేదు. ఆకలి తొందరపెట్టి నాలుగు రోజులకే తీసేసిన పిండి చూపుకు, వాసనకు మంచి పిండిలాగే ఉంటుంది. బాగా కడిగిన పిండిలోనూ కొద్దిపాటి సైకాసిన్ మిగిలినట్టు ప్రయోగశాల పరీక్షల్లో బయటపడింది. కాబట్టి ఈ వివరాలను వంటవిధానంగా పాటించకూడదు, చరిత్రగా తెలుసుకుంటే చాలు.

యుద్ధం తర్వాత గువామ్ దక్షిణాన, ముఖ్యంగా ఉమాతక్ ఊరిలో, ఒక నరాల జబ్బు ప్రపంచ వైద్యుల దృష్టికి వచ్చింది. స్థానికులు దాన్ని లితికో బోడిగ్ అంటారు. కొందరిలో కండరాలు చచ్చుబడేవి, కొందరిలో వణుకు, మతిమరుపు కలిసి వచ్చేవి. 1950లలో పక్షవాతపు రకం మిగతా ప్రపంచంలో కంటే 50 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఉండేది. అనుమానం ఫదంగ్ పిండి మీద పడింది. 1967లో ఈ గింజ నుంచి బీఎంఏఏ అనే మరో పదార్థాన్ని వేరుచేశారు. పిండి కడిగితే అది చాలావరకు పోతుంది, మరి జబ్బు చేసేంత మోతాదు ఒంట్లోకి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు 2002లో వృక్షశాస్త్రజ్ఞుడు పాల్ కాక్స్, నరాల వైద్యుడు ఆలివర్ సాక్స్ ఒక ఊహ ముందుకు తెచ్చారు. ఫనిహి అనే పెద్ద గబ్బిలం ఫదంగ్ కాయల కండను తింటుంది, విషం దాని కొవ్వులో పేరుకుంటుంది, దాన్ని చర్మంతో సహా వండుకుని తిన్న మనిషికి చేరుతుందని వాళ్ల వాదం. ఆకట్టుకునే ఊహే, దాని మీద వచ్చిన అభ్యంతరాలూ గట్టివే. ఆ మోతాదులు చాలవని కొందరు, కొలిచిన పద్ధతే సరికాదని కొందరు. 1960 తర్వాత పుట్టినవాళ్లలో జబ్బు దాదాపు కనబడలేదు, కారణం మాత్రం ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఫదంగే దోషి అని తీర్పు చెప్పేసే రాతలు చాలా కనిపిస్తాయి, ఆధారాలు అంతదూరం వెళ్లవు.

ఇంతలో చెట్టే పోతోంది. 2002 అడవి సర్వేలో గువామ్‌లో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న చెట్టు ఫదంగ్. మరుసటి ఏడాది హోటళ్ల అలంకరణ మొక్కల మీద ఆసియా నుంచి వచ్చిన తెల్ల పొలుసు పురుగు కనబడింది, 2005కల్లా అడవిలోకి పాకింది. దాన్ని తినే అక్షింతల పురుగును తెచ్చి వదిలారు. ఎత్తైన చెట్లను అది కొంతవరకు కాపాడింది. నేలకు దగ్గరగా అది వెతకదు కాబట్టి లేత మొక్కల మీది పొలుసు అలాగే ఉండి, మొలకలన్నీ చచ్చిపోయాయి. చెట్ల సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయింది.

ఫనిహి సంగతి ఇంకా ముందే ముగిసింది. కొబ్బరిపాలలో బొచ్చు, రెక్కలతో సహా ఉడికించే ఈ కూర పెళ్లిళ్లకూ పెద్దల గౌరవానికీ పెట్టేది. తుపాకులు వచ్చాక వేట సులువైంది. ఫనిహి ఏటా సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది, కాబట్టి తగ్గిన సంఖ్యను పూడ్చుకోలేదు. గువామ్‌లో దొరక్కపోయేసరికి 1970, 80లలో సమోవా, పలావు లాంటి దీవుల నుంచి గడ్డకట్టించిన గబ్బిలాలు దిగుమతయ్యాయి. అంటే ఒక దీవి విందు కోసం ఇంకో దీవి అడవి ఖాళీ అయింది. 1980ల చివర్లో అంతర్జాతీయ వాణిజ్య నిషేధం వచ్చాకే అది ఆగింది. గువామ్‌కే చెందిన మరో చిన్న గబ్బిలం జాతి 1968 తర్వాత ఎవరి కంటా పడలేదు. ఫనిహి కూడా సీమ పనస గింజలను, అడవి పండ్ల గింజలను దూరాలకు మోసే జీవే.

ఆకు, కాయ, చెట్టు

చేమాకును ఇక్కడ హాగన్ సుని అంటారు. కొబ్బరిపాలు, పసుపు, మిరప, నిమ్మరసంతో చేసే ఆకుకూర తెలుగు నాలుకకు చాలా దగ్గరి వంట. దురద పుట్టించే సూది స్ఫటికాల సంగతి రెండు చోట్లా ఒకటే. లేత ఆకు తీసి, ఈనె చీల్చి, మెత్తగా నలిగేదాకా కనీసం అరగంట ఉడికించి, ఆ నీళ్లు పిండేయాలి. కొబ్బరిపాలు ఆఖర్న పోసి సన్నసెగ మీద ఉంచాలి. ఉడుకు పట్టిస్తే పాలు విరిగి నూనె తేలుతుంది, నిమ్మరసం పొయ్యి మీద ఉండగానే పోసినా అంతే.

సీమ పనస, అంటే లెమ్మాయ్, 1686లో గువామ్‌లో దిగిన ఇంగ్లిష్ నావికుడు విలియం డాంపియర్ రాతల ద్వారా ఇంగ్లండుకు తెలిసింది. గింజ లేని రకాన్ని మనిషి పిలకల ద్వారా నాటుతాడు, దానికి పక్షితో పనిలేదు. గింజ ఉండే స్థానిక రకం దోక్దోక్ వేరు. దాని గింజలు ఉడికించుకుని తింటారు, చెట్టు మాత్రం గబ్బిలం, సాలి దయ మీద బతికేది. జింకలూ పందులూ నేలరాలిన గింజలను, లేత మొలకలను మేసేస్తాయి. ఆ జింకలను 1770ల్లో మరియానో టోబియాస్ అనే స్పానిష్ గవర్నర్ ఫిలిప్పీన్స్ వైపు నుంచి తెప్పించాడు. ఇప్పుడు జింక మాంసం కెలాగ్వెన్ సంప్రదాయ వంటకాల్లో ముందు వరుసలో ఉంది. దక్షిణపు కొండల్లో జింకలు లేత గడ్డికి వస్తాయని వేటగాళ్లు నిప్పుపెడతారు, వానకు ఆ బోడి నేల కొట్టుకుపోయి సముద్రపు పగడాల మీద పేరుకుంటుంది. పగడం మీది నాచును మేసి బతికే సిగానస్ చేపల పిల్లలే మన్యాహక్. వేసవిలో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, బహుళపక్షం చివరి రోజుల్లో ఒడ్డుకు గుంపులుగా వస్తాయి. తలాయా అనే విసురు వలతో పట్టి, కడగకుండా ఉప్పులో ఊరవేస్తారు. కొండ మీద పెట్టిన నిప్పు ఊరగాయ జాడీ దాకా వస్తుందని గువామ్ మత్స్యకారులకు బాగా తెలుసు. వేట కోసం నిప్పుపెట్టే చుట్టానికి చెప్పడమే కష్టం.

కొబ్బరి మాట గోదావరి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు, అదే ఒరిక్టెస్ రైనోసెరాస్, 2007లో గువామ్‌లో బయటపడింది. విప్పుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు కోణాకారంలో తెగి కనబడటం దాని గుర్తు. కోనసీమలో ఆకు మట్టల సందుల్లో ఇసుక, వేపపిండి వేస్తారు, పేడ దిబ్బలు శుభ్రం చేస్తారు. చాలా దేశాల్లో ఒక వైరస్ ఈ పురుగును అదుపులో ఉంచింది. గువామ్‌కు వచ్చిన రకాన్ని ఆ వైరస్ ఏమీ చేయలేకపోయింది, అదే రకం తర్వాత హవాయి, సోలమన్ దీవులకూ పాకింది. 2015 మే నెలలో డాల్ఫిన్ తుపాను పడగొట్టిన చెట్ల దుంగలు కుళ్లి, పురుగు గుడ్లు పెట్టడానికి దీవి అంతటా చోటు దొరికింది. ఎరువు కుప్పల మీద చేపల వల పరిచి, బయటికి వచ్చే పురుగులు చిక్కుకునేలా చేయడం అక్కడివాళ్లు కనిపెట్టిన చవక ఉపాయం. వల కన్ను అంగుళం దరిదాపుల్లో ఉండాలి, పెద్దదైతే పురుగు జారిపోతుంది.

ఇచ్చిపుచ్చుకునే లెక్క

ఈ తిండి అంతా ఒక సామాజిక లెక్క మీద నడుస్తుంది. పెళ్లికి, నామకరణానికి, ఊరి దేవుడి పండగకు బంధువులు సరుకో శ్రమో సొమ్మో తెస్తారు, దాని పేరు చెంచులి. చావు ఇంటికి ఇచ్చేది ఇకా. ఎవరు ఎంత తెచ్చారో ఇంటివాళ్లు పుస్తకంలో రాసుకుని, సమయం వచ్చినప్పుడు తిరిగి ఇస్తారు. మన చదివింపుల పద్దు ఎరిగినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. ఒకప్పుడు చేపల బుట్ట, చేమదుంపల మోపు, పంది ఇచ్చేవారు, ఇప్పుడు ఎక్కువగా కవరులో డాలర్లు ఇస్తున్నారు. డబ్బు వచ్చింది కాబట్టి సంప్రదాయం చచ్చిపోయిందనుకోవడం తొందరపాటు, లెక్క ఇప్పటికీ కచ్చితంగానే నడుస్తోంది. పోయింది వేరే. ఒక ఇంటి వాటాను అడవి, సముద్రం తీర్చగలిగిన రోజులు పోయాయి.

అడవిలోకి అడుగుపెట్టేముందు పూర్వీకుల ఆత్మలైన తావుతావుమోనాలను అనుమతి అడగడం ఇంకా ఉంది. పెద్ద మర్రిచెట్ల దగ్గర గొంతు పెంచరు, అడగకుండా ఆకు కోస్తే ఒళ్లు వాస్తుందని నమ్ముతారు. ఈ నమ్మకం అడవిని కాపాడిందని రాయడం కొందరు రచయితలకు అలవాటు. దీవి పక్షుల విషయంలో అది నిజం కాదు. పాము ఎవరి అనుమతీ అడగలేదు.

తిరిగి తేవడం ఎంత కష్టం

పాము మీద పోరు ఇప్పుడు ఒక క్రమంలో జరుగుతోంది. రేవులో, విమానాశ్రయంలో సామగ్రిని శిక్షణ పొందిన కుక్కలు వాసన చూస్తాయి, హవాయికి పాము చేరకుండా ఇదే ముఖ్యమైన అడ్డు. మనుషుల తలనొప్పి మాత్ర పారాసెటమాల్ 80 మిల్లీగ్రాములు పాముకు ప్రాణాంతకం, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది. దాన్ని చచ్చిన చిట్టెలుకలో పెట్టి, కాగితపు తోక కట్టి హెలికాప్టర్ నుంచి జారవిడుస్తారు. కాగితం కొమ్మకు చిక్కుకోవాలి. నేల మీద పడితే పీతల పాలవుతుంది, చెట్టు మీద తిరిగే పాముకు అందదు. నునుపైన కంచెలతో చుట్టిన అడవి ముక్కల్లో పాములను ఏరివేస్తూ చూస్తున్నారు.

సైనిక స్థావరం చుట్టుపక్కల మిగిలిన సాలి పక్షులకు, పాము ఎక్కలేని లోహపు స్తంభాల మీద గూటిపెట్టెలు అమర్చారు. పెట్టెల్లో పిల్లలు బాగానే పెరిగాయి. గూడు వదిలి బయటికి ఎగిరిన తొలి వారాల్లోనే వాటిలో ఎక్కువ భాగం పాముల నోట పడ్డాయి. గూడును కాపాడితే చాలదు, చుట్టూ ఉన్న అడవిలో పాము సంఖ్య పడిపోవాలి. పక్షుల పునరాగమనం గురించి మాట్లాడేటప్పుడు జనం ఎగరలేని కోకో పక్షిని, లకుముకి జాతికి చెందిన సిహెక్‌ను తలుచుకుంటారు, అందమైనవి కాబట్టి. అడవికి, వంటకు అవసరమైన వరుసలో మాత్రం సాలి ముందుండాలి. పండు తిని గింజ మోసే పక్షి దీవిలో ఇక అదొక్కటే.

బందీగా పెంచిన సిహెక్‌లు తొమ్మిదింటిని 2024లో పాములు లేని పాల్మైరా దీవిలో వదిలారు, అది గువామ్‌కు వేల కిలోమీటర్ల దూరం. కోకోను పొరుగున ఉన్న రోటా దీవిలో, తర్వాత 2010లో గువామ్ దక్షిణపు కొనకు దగ్గరి కోకోస్ లంకలో వదిలారు. అవి అక్కడ గుడ్లు పెట్టి పెరిగాయి, 2019లో ఈ పక్షిని అడవిలో అంతరించిన జాతుల జాబితా నుంచి తీసేశారు. 2020లో అదే కోకోస్ లంక మీద గోధుమరంగు చెట్టుపాము కనబడింది. పర్యాటకుల పడవలు, సామాన్ల పెట్టెలు మధ్యలోని ఆ నీటిని దాటుతూనే ఉండేవి, ప్రతి పెట్టెనూ తెరిచి చూసేంత మంది సిబ్బంది లేకపోయారు.